పాల కేంద్రం గోడ మీది క్యూఆర్: ఒక డాక్యుమెంటేషన్ సైటు డైరీ

పల్లెల్లో పాల కేంద్రాలకి లెక్కలు చూసే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి మేం నలుగురం కలిసి నడుపుతున్నాం. ఓపెన్ సోర్సు. పొద్దున పూట, సాయంత్రం పూట ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ (వెన్న శాతం) ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత, పది రోజులకి బిల్లు ఎంతయింది అనే లెక్క చూడటమే దాని పని. కోడ్ రాసేది మిగతా ముగ్గురు. దాని డాక్యుమెంటేషన్ సైటు, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు, ఈ ఏప్రిల్ నుంచి నా చేతికొచ్చింది. పగలు తిరుపతిలో నా ఉద్యోగం నాకుంది. ఇది రాత్రి భోజనాలయ్యాక, ఆదివారాలు కూర్చుని చేసే పని. తెలుగులో ఇలాంటి సైటు నడిపేవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 12

సైటు ఎంకేడాక్స్‌తో కట్టింది, పైన మెటీరియల్ అనే థీమ్. మార్క్‌డౌన్ అనే తేలిక గుర్తులతో రాసిన టెక్స్ట్ ఫైళ్లని వెబ్ పేజీలుగా మార్చే సాధనం ఎంకేడాక్స్. పేజీలన్నీ మార్క్‌డౌన్ ఫైళ్లు, కోడ్ ఉన్న రిపోజిటరీలోనే ఒక ఫోల్డర్లో ఉంటాయి. కొత్త లాప్‌టాప్‌లో అన్నీ ఇన్‌స్టాల్ చేసి బిల్డ్ కొడితే (అంటే ఆ ఫైళ్ల నుంచి సైటు తయారుచేయమంటే) మధ్యలోనే ఆగిపోయింది. చూస్తే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ప్యాకేజీల పేర్లున్నాయి, వెర్షన్ నంబర్లు లేవు. ఎవరు ఏ రోజు ఇన్‌స్టాల్ చేస్తే ఆ రోజు కొత్తగా ఉన్నది వచ్చేస్తుంది. పాత లాప్‌టాప్ తీసి, అందులో సరిగ్గా నడుస్తున్న వెర్షన్లేవో చూసి, ఒక్కోదానికీ నంబరు వేశాను. పది నిమిషాల పని. కానీ అది లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరికి ఒక రాత్రంతా పోతుంది.

తర్వాత స్ట్రిక్ట్ ఆప్షన్ పెట్టి బిల్డ్ చేశాను. అది పెడితే వార్నింగు ఒక్కటున్నా బిల్డ్ ఫెయిల్ అవుతుంది. మొత్తం 41 వచ్చాయి, దాదాపు అన్నీ తెగిపోయిన లింకులే. కూర్చుని ఒక్కోటీ సరిచేశాను.

పేజీల అమరిక కూడా మార్చాను. డానియేలె ప్రోచిదా చెప్పిన డయాటాక్సిస్ పద్ధతి నాకు నచ్చుతుంది. డాక్యుమెంటేషన్‌లో నాలుగు రకాలుంటాయని, అవి కలగాపులగం చేయకూడదని ఆయన అంటారు: చెయ్యి పట్టుకుని నేర్పే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పేది, వివరం వెతుక్కునే చోటు, ఎందుకు అలా ఉందో విడమరిచి చెప్పేది. మా సైటులో ఒకే పేజీలో ఈ నాలుగూ ఉండేవి. ఇన్‌స్టలేషన్ పేజీ మధ్యలో ఎస్ఎన్ఎఫ్ సూత్రం ఉంటే ఎవరు చూస్తారు? వాటిని విడదీసి నాలుగు ఫోల్డర్లలో సర్దాను. లోపలి లింకులన్నీ మార్చాను, వార్నింగు ఒక్కటీ రాలేదు. రాత్రి పదకొండున్నరకి పబ్లిష్ చేసి పడుకున్నాను.

ఏప్రిల్ 27

పాకాల దగ్గర మా చిన్నాయన వాళ్ల ఊళ్లో పాల కేంద్రం ఆయనే చూసుకుంటాడు. మా సాఫ్ట్‌వేర్ మొదట్లో పెట్టిన కేంద్రాల్లో అదొకటి. శనివారం రాత్రే వెళ్లి అక్కడే పడుకున్నాను, పొద్దున అక్కడ పని ఎలా నడుస్తుందో దగ్గరుండి చూద్దామని.

ఐదున్నరకే జనం వచ్చేశారు. స్టీలు క్యాన్లు, మూతలున్న బిందెలు, ఒకామె చేతిలో రెండు లీటర్ల నీళ్ల బాటిల్ నిండా పాలు. చిన్నాయన ఒక్కొక్కరి పాలూ కాటా మీద పెడతాడు, చిన్న కప్పులో కొంచెం తీసి అనలైజర్ గొట్టం కింద పెడతాడు. అది పీల్చుకుని, కాసేపటికి ఫ్యాట్ అంకె చూపిస్తుంది. ఆ అంకె కేబుల్ గుండా కంప్యూటర్లోకి రావాలి. ఏడో మనిషి దగ్గర రావడం ఆగిపోయింది. మిషను మీద 4.1 అని ఎర్రగా వెలుగుతోంది, కంప్యూటర్లో గడి ఖాళీగా ఉంది.

చిన్నాయన కంగారు పడలేదు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది, తడి తగలకుండా. అనలైజర్ పైన గోడకి ఒక క్యూఆర్ కాగితం అతికించి ఉంది, సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున మా వాళ్లే అతికించారు. దాన్ని స్కాన్ చేశాడు. 404 వచ్చింది.

"పాపా, ఇంతకు ముందు వచ్చేది గదా. ఇప్పుడు పేజీ లేదంటా ఉండాదే?"

రెండు వారాల కిందట ఆ పేజీని వేరే ఫోల్డర్లోకి మార్చింది నేనే. స్ట్రిక్ట్ బిల్డ్ సైటు లోపలి లింకుల్ని మాత్రమే చూస్తుంది. పాకాల దగ్గర ఒక గోడకి అతికించిన లింకు సంగతి దానికి తెలియదు. నేనైనా గుర్తుంచుకోవాల్సింది.

చిన్నాయన అంతటితో ఆగలేదు. సైటు మొదటి పేజీకి వెళ్లి వెతికే పెట్టెలో "ఫ్యాట్ రాలేదు" అని తెలుగులో కొట్టాడు. ఒక్కటీ దొరకలేదు. ఆయనకి కావలసిన పేజీ ఉంది. దాని పేరు "అనలైజర్ సీరియల్ పోర్ట్ కాన్ఫిగరేషన్". వెనక జనం "ఏంది రెడ్డీ, పొద్దెక్కతా ఉంది" అంటున్నారు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, నోట్‌బుక్ తీసి అంకెలు చేత్తో రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత నేను వెళ్లి చూస్తే, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కన్వర్టర్ దగ్గర కేబుల్ వదులైంది. గట్టిగా నొక్కితే వచ్చేసింది. ఆ మాట మా పేజీలో మూడో పేరాలో ఉంది.

తిరుగు బస్సులో ఒక కాగితం మీద రాసుకున్నాను: తడి చేతులు, సన్న సిగ్నల్, వెనక లైను, ఒక్క నిమిషం. ఈ సైటులో ఇకమీదట ఏ మార్పు చేసినా ఈ నాలుగింటికీ సరిపోతుందో లేదో చూసుకుని చేయాలి.

ఏప్రిల్ 29

ముందు పాత అడ్రసులు. ఫైళ్లలో జరిగిన ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్‌లో ఏ ఫైలు పేరు ఎప్పుడు మారిందో అంతా ఉంటుంది. లాగ్‌లో పేరు మారినవి మాత్రమే చూపించమంటే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన వస్తాయి. ఏప్రిల్ 12న నేను మార్చినవే కాదు, అంతకు ముందు రెండుసార్లు వేరేవాళ్లు మార్చినవి కూడా బయటపడ్డాయి. అన్నిటినీ ఒక పట్టికగా ఎంకేడాక్స్ రీడైరెక్ట్స్ ప్లగిన్‌కి ఇచ్చాను.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని వాడటం మంచిది. మాది స్టాటిక్ సైటు, అంటే ముందే తయారైన ఫైళ్లు మాత్రమే ఉంటాయి. సర్వరే 301 (పేజీ వేరే చోటికి మారింది) అని చెప్పి కొత్త చోటికి పంపే వీలు మాకు లేదు. అందుకని ప్లగిన్ పాత అడ్రసు ఉన్న చోట ఒక చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీ పెడుతుంది. అది తెరుచుకోగానే బ్రౌజర్‌ని కొత్త పేజీకి తీసుకెళ్తుంది. చూసేవాళ్లకి తేడా తెలియదు.

క్యూఆర్‌లకి ఇంకో ఏర్పాటు చేశాను. ఇకమీదట గోడ మీద అతికించే ఏ క్యూఆర్ అయినా నేరుగా పేజీ అడ్రసుకి పోకూడదు. సైటు పేరు తర్వాత "క్యూ" అనే ఒక చిన్న ఫోల్డరు, దాని కింద ఒక్క మాట: ఫ్యాట్, బిల్లు, ప్రింటర్. ఆ పొట్టి అడ్రసు ఎప్పటికీ మారదు. అది ఏ పేజీకి తీసుకెళ్లాలన్నది మాత్రం మేం పట్టికలో మార్చుకుంటాం. సైటులో రాయడానికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన పేజీలో మొదటి నియమంగా దీన్నే రాశాను.

మే 8

మొన్న రాత్రి గంగమ్మ చాటింపు వేశారు. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరి వాళ్లు పొలిమేర దాటి వేరే ఊళ్లో రాత్రి ఉండకూడదంటారు, మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాం. కాబట్టి ఈ వారం చిన్నాయన దగ్గరికి వెళ్లేది లేదు. వీధిలో నిన్న పొద్దున్నే బైరాగి వేషంలో పిల్లలు, ఒళ్లంతా తెల్ల నామంకొమ్ము పూసుకుని తిరిగారు. ఇంట్లో కూర్చుని చేసే పని ఫాంట్లది, అది ముందేసుకున్నాను.

ఫోన్లో మా సైటు పక్క మెనూ తెరిస్తే "రైతు రిజిస్ట్రేషన్" అనే మాట కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేసి చూశాను. "స్ట్రే"లో స కింద ట వత్తు, ఆ తర్వాత ర వత్తు ఉండాలి. ట వత్తు సగానికి కోసుకుపోయింది, దాని కిందికి దిగాల్సిన గీత అసలు లేదు. చదివేవాడు అలవాటు కొద్దీ అర్థం చేసుకుంటాడు గానీ, అక్కడున్నది ముక్కలైన అక్షరం. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదంటే, తెలుగు తెరమీద ఇలాగే ఉంటుందని అందరూ సర్దుకుపోయారనే నాకనిపిస్తుంది. అది నాకు బాధగా ఉంది.

కారణం రెండు చోట్ల ఉంది. థీమ్‌లో వరసకీ వరసకీ మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాల కొలతతో పెట్టింది. ఇంగ్లీషులో కిందికి దిగేవి జీ, పీ, వై లాంటి కొన్ని అక్షరాలే, అవి కూడా కొంచెమే. తెలుగులో వత్తు కింద వత్తు ఉంటుంది, పైన గుడులూ తలకట్లూ ఉంటాయి. రెండోది, మెనూలో పొడుగు పేర్లు పట్టకపోతే చివర చుక్కలు పెట్టడానికి, పెట్టె దాటిన భాగాన్ని దాచేయమని పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఉంటుంది. పక్కకి దాటినది దాచడానికి పెట్టిన ఆ నియమమే కిందికి దిగిన వత్తుని కూడా కోసేస్తుంది. ఎక్స్‌ట్రా సీఎస్ఎస్ ఫైల్లో వరస ఎత్తు 1.8 చేశాను, మెనూ మాటలకి కింద కొంచెం ప్యాడింగ్ ఇచ్చాను, హెడింగులకి విడిగా 1.6. "రిజిస్ట్రేషన్" నిండుగా కనబడింది. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

మే 11

ఫాంటు ఏది అన్నదాని మీద రెండు రోజులు పోయాయి. మండలి ఫాంటు చదవడానికి ముద్దుగా ఉంది, కానీ దాంట్లో ఒక్కటే మందం. మా పేజీల్లో బటన్ల పేర్లన్నీ బోల్డ్‌లో ఉంటాయి, బ్రౌజరు దానంతట అది దొడ్డు చేస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. హెడింగులకి రామభద్ర పెట్టి చూశాను. గోడ మీద పోస్టరుకి చాలా బాగుంటుంది, పాల కేంద్రంలో చిన్న తెరకి బరువెక్కువ. చివరికి నోటో సాన్స్ తెలుగు, మామూలు ఒకటి, బోల్డ్ ఒకటి. అంతకంటే వద్దు.

థీమ్‌లో ఫాంటు పేరు ఇస్తే అది బయటి సర్వర్ నుంచి తెప్పించుకుంటుంది, అందులో వాలు అక్షరాలు కూడా అడుగుతుంది. తెలుగుకి వాలు అక్షరాలతో పని లేదు. బ్రౌజరు బలవంతంగా వంచిన తెలుగు చదవడం కళ్లకి శిక్ష. ఆ సెట్టింగు ఆపేసి, ఫాంటు ఫైళ్లు మా సైటులోనే పెట్టాను. తెలుగు అక్షరాలు తప్ప మిగతావన్నీ తీసేసి ఫైలు సైజు తగ్గించాను. అప్పుడు ఒక్కటి మర్చిపోకూడదు: జీరో విడ్త్ నాన్ జాయినర్. "ప్రింటర్‌లో" అని రాసేటప్పుడు పొల్లు పొల్లుగానే నిలబెట్టేది అదే. కంటికి కనిపించదు కాబట్టి జాబితా రాసేటప్పుడు గుర్తుకు రాదు. అది కూడా చేర్చాను. ఇటాలిక్ ఉన్న చోటల్లా వాలు తీసేసి రంగు మార్చాను.

మే 19

ఇవాళ్టి తప్పు వివరంగా రాయాలి, ఎందుకంటే తెలుగులో డాక్స్ రాసే ఎవరికైనా ఇది తగులుతుంది.

పేజీలో ఒక్కో హెడింగుకి ఒక ఐడీ ఉంటుంది, దాన్ని బట్టే ఫలానా సెక్షన్‌కి నేరుగా లింకు ఇవ్వగలం. మార్క్‌డౌన్‌ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పైథాన్ లైబ్రరీ హెడింగు మాటల నుంచే ఆ ఐడీ తయారుచేస్తుంది. మామూలుగా అయితే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కానివన్నీ తీసేస్తుంది. హెడింగు మొత్తం తెలుగైతే ఏమీ మిగలదు. అప్పుడు అండర్‌స్కోరు ఒకటి, రెండు, మూడు అని వరసగా నంబర్లు వేస్తుంది. పైన ఒక కొత్త హెడింగు చేరిస్తే కింద ఉన్న అన్నిటి నంబర్లూ మారిపోతాయి. ఇది నచ్చక మే మొదట్లో యూనికోడ్ ఉంచమనే సెట్టింగు పెట్టాను. ఇక తెలుగు మాటలే ఐడీలుగా వస్తాయనుకున్నాను.

నిన్న పుంగనూరు వైపు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. "అక్కా, రేటు ఎట్ల మార్చేది?" అని అడిగాడు. నేను ఆ సెక్షన్ లింకు పంపాను. పది నిమిషాలకి మళ్లీ ఫోన్. "అక్కా, ఇది రూటు గురించి చెప్తా ఉంది, పాల బండి ఏ దోవలో రావాలనేది. నేనడిగింది రేటు."

లింకు తీసి అందులోని ఐడీ చూశాను. "రట-మరచడ" అని ఉంది. గుణింతాలు లేవు, పొల్లు లేదు, సున్నా లేదు.

జరిగింది ఇది. ఆ లైబ్రరీ "అక్షరాలు, అంకెలు కానివి తీసెయ్" అనే నియమంతో హెడింగుని శుభ్రం చేస్తుంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లెక్కలో ర అక్షరమే, ట అక్షరమే. కానీ ఏత్వం, కొమ్ము, దీర్ఘం, పొల్లు, సున్నా యూనికోడ్‌లో అక్షరాలుగా కాక అక్షరానికి తగిలే గుర్తులుగా నమోదై ఉన్నాయి. అందుకని అవి ఊడిపోతాయి. "రేటు మార్చడం"లో అవి తీసేస్తే "రట మరచడ". "రూటు మార్చడం"లో తీసేసినా అదే. రెండు హెడింగులకి ఒకే ఐడీ వచ్చేసరికి రెండోదానికి చివర ఒక నంబరు తగిలించింది. మొదట రేటు పైన ఉండేది, లింకు సరిగ్గానే పనిచేసేది. పోయిన వారం నేను రూటు సెక్షన్‌ని పైకి జరిపాను. అంతే, రేటు లింకు రూటుకి పోయింది. రేటు మార్చాల్సిన మనిషి రూటు మార్చి ఉంటే మర్నాడు పాల బండి ఎక్కడికి పోయేదో అని చాలాసేపు టెన్షన్ పడ్డాను. అతను మార్చకుండా ఫోన్ చేయడం మా అదృష్టం.

పరిష్కారం సులువే. అట్రిబ్యూట్ లిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే హెడింగు పక్కన మీసాల బ్రాకెట్లో మనమే ఐడీ రాయొచ్చు. ప్రతి హెడింగుకీ ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న ఐడీ రాశాను. తెలుగులోనే ఉంచుదామా అని కాసేపు ఆలోచించాను, మనసు అటే లాగింది. కానీ తెలుగు లింకుని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో తెలుగు గుర్తుకీ మూడు బైట్లు, ఒక్కో బైటుకీ పర్సంట్ గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, అంటే ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. "రేటు" అనే చిన్న మాటే 36 అక్షరాల తోక. దాన్ని ఎవరూ ఫోన్లో చదివి చెప్పలేరు. హెడింగు తెలుగులో, ఐడీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఐడీ లేని హెడింగు కనబడితే బిల్డ్ ఆగిపోయేలా ఒక చిన్న హుక్ కూడా రాశాను.

మే 26

వెతుకులాట. ఏప్రిల్ 27న చిన్నాయనకి ఏమీ దొరక్కపోవడానికి కారణం చూశాను. మా సైటు వెతికేది లూనర్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో, అంతా చదివేవాళ్ల బ్రౌజర్లోనే జరుగుతుంది. భాష ఇంగ్లీషు అని మాత్రమే పెట్టి ఉంది. మాట చివర్లో ఉన్న చుక్కలూ కామాలూ కత్తిరించడానికి ఇంగ్లీషు పద్ధతిలో ఒక దశ ఉంటుంది. ఆ దశకి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కానివన్నీ చుక్కలూ కామాల కిందే లెక్క. తెలుగు మాట దాని గుండా పోతే ఏమీ మిగలదు. భాషల జాబితాలో తెలుగు కూడా చేర్చితే తెలుగు అక్షరాల్ని అక్షరాలుగా చూస్తుంది. ఒక్క లైను మార్పు.

మిగతాది లైనుతో తేలేది కాదు. మనవాళ్లు ఫ్యాట్, ఫాట్, ఫ్యాటు అని మూడు రకాలుగా కొడతారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. "బిల్లు" అని వెతికితే "బిల్లులో", "బిల్లుకి" దొరుకుతాయి, ఎందుకంటే మొదలు ఒకటే. "బిల్లులో" అని వెతికితే "బిల్లు" దొరకదు. నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. ఫోన్లో ఎవరు ఏ మాటతో అడిగారో ఆ మాట అలాగే రాస్తాను. ఫ్యాట్ రాలేదు. బిల్లు తప్పు పడింది. నిన్నటి పూట ఎంట్రీ మర్చిపోయినా. రెండుసార్లు పడింది. పేజీల పేర్లు వీటితో మార్చడం మొదలుపెట్టాను. "అనలైజర్ సీరియల్ పోర్ట్ కాన్ఫిగరేషన్" ఇప్పుడు "ఫ్యాట్ కంప్యూటర్లోకి రాలేదు". మా నలుగురిలో ఒకతనికి ఇది నచ్చలేదు, పేజీ పేర్లు పద్ధతిగా లేవన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. సాంకేతిక వివరాల ఫోల్డర్లో పాత పేర్లే ఉంచాను. కానీ పని చేసుకునే పేజీల పేర్లు పని చేసేవాళ్ల నోటి మాటల్లోనే ఉండాలి, దాన్ని వదులుకోను.

జూన్ 8

ఎస్ఎన్ఎఫ్ పేజీ తిరగ రాశాను. రైతులు ఎక్కువగా గొడవపడేది దీని గురించే, అందుకే ఎక్కువ సమయం పెట్టాను. మా సాఫ్ట్‌వేర్ మొదటగా వాడే సూత్రం: లాక్టోమీటర్ నుంచి వచ్చిన సీఎల్ఆర్‌ని (పాల వేడిని బట్టి సరిచేసిన రీడింగు) 4తో భాగించాలి, ఫ్యాట్‌ని 0.21తో హెచ్చవేసి కలపాలి, చివర 0.36 కలపాలి. సీఎల్ఆర్ 28, ఫ్యాట్ 4.0 అనుకుంటే 7, 0.84, 0.36 కలిసి 8.2. ఈ చివరి అంకెలు డెయిరీని బట్టి మారతాయి, అందుకే సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలుంది. పాలలో నీళ్లు కలిస్తే సీఎల్ఆర్ ఎందుకు పడిపోతుందో కూడా నాలుగు వాక్యాల్లో రాశాను. ఎందుకని అడిగిన రైతుకి చూపించడానికి కేంద్రం సెక్రటరీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

పాత పేజీలోని ఉదాహరణ తప్పు. కోడ్‌లో స్థిరాంకం ఎప్పుడో మారింది, పేజీలో మారలేదు. ఇకమీదట అలా జరగకుండా, పేజీలోని లెక్కని డాక్‌టెస్ట్‌గా రాశాను. పేజీలో ఉన్న అంకెలతోనే అసలు కోడ్ నడుస్తుంది, 8.2 రాకపోతే బిల్డ్ ఫెయిల్.

జూన్ 15

ఆదివారం చిత్తూరు దాకా వెళ్లొచ్చాను. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి, ఎండలో కాయలు మగ్గిన వాసన. మామిడికి రేటు ఎంత పలుకుతుందోనని రాత్రంతా ట్రాక్టరు మీదే పడుకున్నవాళ్లున్నారు. పాడి ఉన్న ఇంట్లో మాత్రం పది రోజులకొకసారి బిల్లు వస్తుంది. ఆ బిల్లు కాగితం సరిగ్గా ఉండటం ఎంత ముఖ్యమో ఆ బారులు చూస్తుంటే తెలుస్తుంది.

రాత్రి ఇంటికొచ్చి స్క్రీన్‌షాట్లు చూశాను. ఒక బిల్లు బొమ్మలో నిజమైన రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత వచ్చిందీ ఉన్నాయి. మూడేళ్ల నుంచి అందరికీ కనిపిస్తోంది. ఎవరూ కావాలని పెట్టలేదు, కేంద్రంలో కూర్చుని తీసిన ఫోటో అలాగే ఎక్కించారు. వెంటనే తీసేశాను. కానీ గిట్‌లో పాత కమిట్‌లలో బొమ్మ ఉండిపోతుంది. ఫిల్టర్ రెపో అనే సాధనంతో చరిత్ర నుంచే ఆ ఫైలుని తీసేసి, ఫోర్స్ పుష్ చేశాను, అంటే సర్వర్లోని పాత చరిత్ర మీద కొత్తది రాసేశాను. మిగతా ముగ్గురికీ చెప్పి మళ్లీ కొత్తగా క్లోన్ చేసుకోమన్నాను, లేకపోతే వాళ్ల దగ్గరి పాత కాపీ నుంచి మళ్లీ వచ్చేస్తుంది. ఆ కేంద్రం సెక్రటరీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, ఆ రైతులకి కూడా చెప్పమని అడిగాను.

ఇప్పుడు బొమ్మలన్నీ ఒక నమూనా డేటాబేస్‌తో తీస్తున్నాం. అందులో పేర్లు రైతు 1, రైతు 2. బ్రౌజర్‌ని దానంతట అదే నడిపించే ప్లేరైట్‌తో ఒక స్క్రిప్టు రాశాను, అదే ఒక్కో తెరా తెరిచి ఫోటో తీస్తుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఒకసారి నడిపితే చాలు.

జూన్ 23

పొద్దున 6:10కి వరసగా మూడు ఫోన్లు. సైటు తెరుచుకోవట్లేదు. రాత్రి నేను చేత్తో డిప్లాయ్ చేశాను, అంటే కొత్త బిల్డ్‌ని సైటులోకి ఎక్కించాను. ఆ కమాండు పబ్లిష్ అయ్యే బ్రాంచిని కొత్త బిల్డ్‌తో పూర్తిగా మార్చేస్తుంది. మా డొమైన్ పేరు రాసి ఉన్న సీనేమ్ ఫైలు ఆ బ్రాంచిలో మాత్రమే ఉండేది, అది ఎగిరిపోయింది. డాక్స్ ఫోల్డర్లోనే ఆ ఫైలు పెడితే ప్రతి బిల్డ్‌లోనూ వస్తుంది. పెట్టాను. ఇకమీదట పొద్దున 5 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 8 మధ్య డిప్లాయ్ చేయకూడదని, రాత్రి చేస్తే ఫోన్లో ఒక క్యూఆర్ స్కాన్ చేసి చూసుకున్నాకే పడుకోవాలని రాసిపెట్టాను.

జూలై 6

చిన్నాయన ఎప్పటి నుంచో కాగితం మీద అడుగుతున్నాడు. "ఫోన్ చార్జింగ్ లేనప్పుడు ఏం చెయ్యాల?" అన్నది ఆయన ప్రశ్న. ప్రింట్ కోసం విడిగా సీఎస్ఎస్ రాశాను. మెనూ, వెతికే పెట్టె, పైపట్టీ ప్రింటులో రావు. అక్షరాలు పెద్దవి, లింకు ఉన్న చోట పొట్టి అడ్రసు పక్కనే పడుతుంది, అడుగున క్యూఆర్. ఐదు పేజీలు ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి తీసుకెళ్లాను.

పాత క్యూఆర్ కాగితం పక్కనే కొత్తవి కట్టాం. పాతది తీసేయమన్నాడు చిన్నాయన. అది కూడా పనిచేస్తుందని స్కాన్ చేసి చూపించాను. రీడైరెక్ట్ గుండా సరైన పేజీకే వెళ్లింది. ఉండనీలే అన్నాడు.

సాయంత్రం పూట చిన్నమ్మ కూర్చుంది. పన్నెండో మనిషి దగ్గర మళ్లీ ఫ్యాట్ రాలేదు. ఆమె నన్ను పిలవలేదు. స్కాన్ చేసి, పేజీలో మొదటి వాక్యం పెదాలు కదుపుతూ చదివింది. "కంప్యూటరు వెనక నీలం కన్వర్టర్‌లో కేబుల్ గట్టిగా ఉందో లేదో చూడండి." వెనక్కి వంగి చూసింది.

"పాపా, ఈడ నల్లవి రెండు ఉండాయి. నీలంది యాడుంది?"

వాళ్ల కన్వర్టర్ నలుపు. పక్కనే ప్రింటర్ వైరు కూడా నలుపే. నేను తిరుపతిలో నా బల్ల మీద ఉన్నదాని రంగు చూసి నీలం అని రాశాను. ఆమె చేత్తో రెండింటినీ పట్టి చూసి, వదులుగా ఉన్నదాన్ని నొక్కింది. అంకె వచ్చింది. తర్వాత మనిషి క్యాన్ కాటా మీద పెట్టాడు.

నేను ఆ రెండు వైర్లకీ దగ్గర నుంచి ఫోటో తీశాను, టార్చి పట్టుకోమని చిన్నాయనకి ఇచ్చి. కన్వర్టర్‌కి చివర రెండు మరలుంటాయి, ప్రింటర్ వైరుకి ఉండవు. రంగు తీసేసి, "రెండు మరలున్న వైరు" అని మార్చి, ఫోటో పెట్టి, ఎనిమిదిన్నరకి అక్కడి నుంచే పబ్లిష్ చేశాను.